మీ ఊళ్లో ఒరిగామి చేసేవాళ్లని కనిపెట్టి, మొదటి కూడిక పెట్టడం ఎలా?

"మా ఊళ్లో ఒరిగామి చేసేది నేనొక్కణ్నే అనుకుంటా. ఇంకెవరైనా ఉన్నారో లేదో ఎలా తెలుస్తుంది?" ఒంగోలు నుంచీ, కరీంనగర్ నుంచీ, హైదరాబాద్ నుంచీ కూడా పదే పదే వచ్చే ప్రశ్న ఇది. ఉన్నారు. కాకపోతే క్రికెట్ ఆడేవాళ్లలా మైదానంలో కనపడరు, ఇంట్లో కూర్చుని కాగితాలు మడిచి బొమ్మలు చేసుకుంటారు. వాళ్లు బయటికి రావాలంటే వాట్సాప్ గ్రూపు ఒక్కటే పెడితే చాలదు. ఒక బల్ల, ఒక తేదీ, ఆ రోజు అందరూ కలిసి చేయడానికి ఒక బొమ్మ కావాలి. కింద ఉన్నదంతా ఆ మూడింటినీ సమకూర్చుకునే పద్ధతే.

ముందుగా కావాల్సినవి

- మీరు మడిచిన మూడు బొమ్మలు, పగటి వెలుగులో తీసిన వాటి ఫొటోలు
- ఎ4 కాగితాలు 20: 70 నుంచి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు), రెండు మూడు రంగులు
- పొడవాటి స్టీల్ స్కేలు, కట్టర్ (లేదా దగ్గర్లో కటింగ్ మెషిన్ ఉన్న బైండింగ్ షాపు)
- కాగితాలు చెమ్మగిల్లకుండా జిప్ కవర్లు
- ఆరుగురు కూర్చోగల బల్ల ఉన్న చోటు
- మీతో పాటు తప్పకుండా వచ్చే ఇంకో మనిషి. ఒరిగామి రాకపోయినా ఫర్వాలేదు. మొదటి రోజు ఎవరూ రాకపోతే మీరొక్కరే కూర్చుని నీరసపడకుండా ఉంటారు.

1. మీరు ఏ రకం మడతలు చేస్తారో తేల్చుకోండి

ఒరిగామి అంటే ఒకటే పని కాదు. చిన్న చిన్న ముక్కలు కలిపి బంతులు, క్యూబ్‌లు కట్టేవాళ్లున్నారు. ఒకే పెద్ద కాగితంలోంచి కాళ్లూ కొమ్ములూ ఉన్న పురుగుల్ని తీసేవాళ్లున్నారు. కాగితం మొత్తం నేతలా అల్లుకుపోయే డిజైన్లు చేసేవాళ్లు, కాగితాన్ని తడిపి మడిచేవాళ్లు, పిల్లలకు పడవలూ కప్పలూ నేర్పేవాళ్లు, ఇలా ఎవరి దారి వాళ్లది. నాలుగు గంటలు పట్టే బొమ్మ చేసే మనిషిని, మొదటిసారి కొంగ మడిచే మనిషిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒకే బొమ్మ చేయమంటే ఇద్దరికీ విసుగొస్తుంది. అందుకే "నేను ఇవి చేస్తాను, ఇవి నేర్చుకోవాలనుకుంటున్నాను" అని రెండు వాక్యాలు రాసి పెట్టుకోండి.

మీ మూడు ఫొటోల కింద నాలుగు వివరాలు రాయండి: బొమ్మ పేరు, డిజైన్ ఎవరిది, మడిచింది ఎవరు, కాగితం కొలత. డిజైన్ చేసినవాళ్ల పేరు లేని ఫొటోని ఈ పనిలో పాతుకున్నవాళ్లు పట్టించుకోరు. పేరుంటే, "ఈ మనిషికి సంగతి తెలుసు" అని వాళ్లే పలకరిస్తారు. ఎవరిదో తెలియకపోతే 'డిజైనర్ పేరు తెలియదు' అని రాయండి. కొంగ, పడవ లాంటివాటికి 'సంప్రదాయ బొమ్మ' అంటే సరిపోతుంది.

2. వెతకాల్సిన చోట్లు

ముందు స్టేషనరీ షాపుకి వెళ్లండి. చతురస్రంగా కోసిన రంగుకాగితాల ప్యాకెట్లు, రెండు వైపులా రెండు రంగులున్న కాగితాలు ఎవరు కొంటున్నారో యజమానికి గుర్తుంటుంది, ఎందుకంటే అలాంటివాళ్లు నెలకి ఇద్దరో ముగ్గురో. వాళ్ల నంబరు అడగొద్దు. ఒక చిన్న బొమ్మ, దానికి మీ పేరు, కలిసే తేదీ రాసిన చీటీ కట్టి కౌంటర్ మీద ఉంచమనండి. ఆసక్తి ఉన్నవాళ్లు దాన్ని చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి, మడత ఎక్కడ మొదలైందో చూస్తారు. పోస్టరు అంత పని చేయదు.

తర్వాత ఈ చోట్లు:

- జపనీస్ నేర్చుకునేవాళ్లు. హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో జపనీస్ చెబుతారు. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌కి జపాన్‌తో దగ్గరి సంబంధం ఉంది, క్యాంపస్ కట్టడానికి జపాన్ సాయం కూడా అందింది. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నైలోని జపాన్ కాన్సులేట్ జనరల్ పరిధిలోకి వస్తాయి. వాళ్ల సాంస్కృతిక కార్యక్రమాల మీద కన్నేసి ఉంచండి.
- ఆర్కిటెక్చర్, డిజైన్ కాలేజీల విద్యార్థులు. కాగితంతో మోడళ్లు చేయడం వాళ్లకు రోజూ ఉండే పనే.
- లెక్కల టీచర్లు, జన విజ్ఞాన వేదిక లాంటి సంస్థల్లో పిల్లలకు సైన్సు చెప్పేవాళ్లు. పారేసే వస్తువులతో సైన్సు బొమ్మలు చేసి చూపే అరవింద్ గుప్తా పని గురించి తెలిసిన టీచరు దొరికితే సగం పని అయినట్టే.
- నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్, మీ జిల్లాలోని బాలభవన్, బాలోత్సవాలు.
- డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. చేతిలో మడుస్తూ ఓ గంట కూర్చోండి, చాలు. "ఇదెలా చేస్తారండీ?" అని ఆగేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లలో "ఇది సోనోబే కదా?" అని, ముక్కలు కలిపి కట్టే పద్ధతి పేరు పెట్టి అడిగే మనిషి మీకు కావాల్సిన మనిషి.

ఇన్‌స్టాగ్రామ్‌లో వెతికేటప్పుడు 'ఒరిగామి' ఒక్కటే కొడితే ప్రపంచమంతా వస్తుంది. పక్కన ఊరి పేరు చేర్చండి. ఇంగ్లీషు అక్షరాల్లోనూ, తెలుగులోనూ వేర్వేరుగా వెతకండి. 'పేపర్ క్రాఫ్ట్' అని పెట్టుకున్న ఖాతాల్లో ఎక్కువమంది కత్తెరా జిగురూ వాడేవాళ్లే ఉంటారు. వాళ్లనీ పిలవొచ్చు, కానీ మీ కూడికలో కత్తెర ఉండదని ముందే చెప్పండి.

3. ఇప్పటికే ఉన్న సంఘాలతో కలవండి

మన దేశంలో ముంబై కేంద్రంగా 'ఒరిగామి మిత్ర' అనే బృందం ఉంది. పెద్ద ఊరికి వెళ్లే పని పడినప్పుడు అక్కడి వాళ్లు కలిసే రోజు ఏదైనా ఉందేమో ముందే కనుక్కుని ప్రయాణం పెట్టుకోండి. ఒక్కసారి వాళ్ల బల్ల దగ్గర కూర్చుంటే కూడిక ఎలా నడపాలో తెలిసిపోతుంది.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకి ఇది ఇంకా తేలిక. అమెరికాలో లిలియన్ ఓపెన్‌హైమర్ 1958లో మొదలుపెట్టిన ఒరిగామి సెంటరే ఇప్పటి ఒరిగామి యూఎస్ఏ. న్యూయార్క్‌లో ఏటా వేసవి సమావేశం జరుపుతారు, ప్రాంతాలవారీగా ఉన్న బృందాల జాబితా కూడా ఉంచుతారు. శాన్‌ఫ్రాన్సిస్కో వైపు ఉన్నవాళ్లకి బే ఏరియా రాపిడ్ ఫోల్డర్స్, బోస్టన్‌లో ఉన్నవాళ్లకి ఎంఐటీ విద్యార్థుల ఒరిగామిట్ ఉన్నాయి. బ్రిటిష్ ఒరిగామి సొసైటీ 1967 నుంచి నడుస్తోంది. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, స్పెయిన్‌లలోనూ సంఘాలున్నాయి. ఇలాంటి చోట కొత్తవాళ్లు ఏమీ రాకపోయినా వెళ్లొచ్చు. ఓ పది కాగితాలు, మీరు నేర్పగలిగే ఒక చిన్న బొమ్మ తీసుకెళ్లండి. ఖాళీ కుర్చీలో కూర్చుని మడవడం మొదలుపెడితే పరిచయాలు వాటంతటవే అవుతాయి.

4. పిలుపు రాయండి

"ఆసక్తి ఉన్నవాళ్లు కామెంట్ చేయండి" అని పెడితే ముప్ఫైమంది 'నేనున్నా' అంటారు, ఒక్కరూ రారు. తేదీ, చోటు, చేయబోయే బొమ్మ మూడూ ఖాయం చేశాకే పిలవండి. ఇలా:

"ఒరిగామి చేసేవాళ్లం వచ్చే ఆదివారం ఉదయం 10 నుంచి 12 దాకా లైబ్రరీ మొదటి అంతస్తులో కలుస్తున్నాం. ఆరు ముక్కల క్యూబ్ చేస్తాం. ఒరిగామి అసలు తెలియనివాళ్లూ రావచ్చు. కాగితం మేమే తెస్తాం, డబ్బులేమీ కట్టక్కర్లేదు. పిల్లలతో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. వచ్చేవాళ్లు శుక్రవారంలోపు ఒక మెసేజ్ పెట్టండి, కాగితాలు కోసుకోవాలి."

ఆ చివరి వాక్యం ముఖ్యం. ఎందుకు చెప్పమంటున్నారో కారణం కనపడితే జనం జవాబిస్తారు. వస్తామన్నవాళ్లకి శనివారం సాయంత్రం మళ్లీ ఒక మెసేజ్ పంపండి. అయినా సగంమందే వస్తారనుకుని ఏర్పాట్లు చేసుకోండి.

ఇంటి చిరునామా మాత్రం ఎప్పుడూ బహిరంగంగా పెట్టొద్దు. మొదటి రెండు మూడుసార్లు నలుగురూ తిరిగే చోటే కలవండి. ఒంటరిగా వచ్చే ఆడవాళ్లకి, పిల్లల్ని పంపే తల్లిదండ్రులకి ఈ ఒక్క విషయమే నమ్మకం కలిగిస్తుంది.

5. చోటు చూసుకోండి

లైబ్రరీ, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్, స్కూల్లో ఆదివారం ఖాళీగా ఉండే గది, హైదరాబాద్ బంజారాహిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక లాంటి చోటు, ఏదైనా సరే. ముందురోజు వెళ్లి మూడు చూడండి. బల్ల ఊగుతోందా? మడత గీత కనపడేంత వెలుగుందా? ఫ్యాన్ స్విచ్ ఎక్కడుంది? నెత్తిన ఫ్యాన్ తిరుగుతుంటే 10 సెంటీమీటర్ల ముక్కలు గదంతా ఎగురుతాయి. ఎండాకాలంలో ఫ్యాన్ ఆపలేం కాబట్టి బల్లని ఫ్యాన్ కింద నుంచి పక్కకు జరపండి, ముక్కలు మూత ఉన్న డబ్బాలో పెట్టండి.

పార్కు బాగుంటుందనిపిస్తుంది కానీ మొదటి కూడికకి వద్దు. ఒళ్లో పెట్టుకుని మడిస్తే అంచులు కలవవు. తప్పనిసరైతే తలా ఒక పరీక్ష అట్ట తెచ్చుకోమనండి.

విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో వానాకాలం కాగితం చెమ్మ లాక్కుని మెత్తబడుతుంది, మడత పదునుగా నిలవదు. కాగితాలు జిప్ కవర్లో ఉంచి, పంచే ముందే బయటికి తీయండి.

6. కాగితం కోయండి

ఎ4 కాగితం 297 × 210 మిల్లీమీటర్లు. పొడవు వైపు 99 మి.మీ. చొప్పున మూడు, వెడల్పు వైపు 99 చొప్పున రెండు కోస్తే ఆరు చతురస్రాలు వస్తాయి, 12 మి.మీ. పట్టీ మిగులుతుంది. అంటే ఒక ఎ4 కాగితానికి ఒక క్యూబ్. దాని అంచు దాదాపు మూడున్నర సెంటీమీటర్లు వస్తుంది. కొత్తవాళ్ల వేళ్లకి ఇది కాస్త చిన్నదే. పిల్లలుంటే ఒక ఎ4 నుంచి 148 మి.మీ. చతురస్రాలు రెండే కోయండి.

సరిచూసుకోవడం: ఒక ముక్కని కర్ణం వెంట మడవండి. విప్పి, రెండో కర్ణం వెంట మడవండి. రెండుసార్లూ అంచులు కచ్చితంగా కలిస్తేనే అది చతురస్రం. మిల్లీమీటరు తేడా ఉన్నా ఆఖర్న ముక్కల మధ్య సందులు కనపడతాయి. బైండింగ్ షాపులో కోయిస్తే కట్టలో పైముక్క, అడుగుముక్క రెండూ ఇలా చూడండి. కత్తి వంగితే అడుగున తేడా వస్తుంది.

చార్టు పేపరు వాడొద్దు. మడత దగ్గర పగులుతుంది, మందం వల్ల ముక్క ముక్కలోకి దూరదు. మెరిసే గిఫ్ట్ కాగితం జారిపోయి క్యూబ్ ఊడిపోతుంది. ఏమీ దొరక్కపోతే మూడంగుళాల స్టిక్కీ నోట్స్ బాగా పనికొస్తాయి, కోయాల్సిన పనే లేదు.

7. మొదటి రోజు: ఆరుగురికి ఒక క్యూబ్

మిత్సునోబు సోనోబే పేరు మీద పిలిచే ఈ ముక్కని ఎంచుకోవడానికి కారణముంది. తలో ముక్క చేస్తే ఆరు ముక్కలతో ఒక క్యూబ్ అవుతుంది. ఎవరి బొమ్మ వాళ్లు చేసుకుని వెళ్లిపోవడం కాకుండా, పక్కవాళ్ల ముక్క లేనిదే మీది నిలబడదు. పరిచయాలకి ఇంతకన్నా మంచి పని లేదు.

ఒక్కొక్క మెట్టూ అందరూ పూర్తి చేశాకే తర్వాతది చెప్పండి:

అ) రంగు వైపు కిందికి. కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి విప్పండి.

ఆ) ఎడమ, కుడి అంచుల్ని మధ్య గీతకి తెచ్చి తలుపుల్లా మూయండి. మళ్లీ తెరవండి.

ఇ) కుడి పై మూలని లోపలికి మడవండి, దాని పక్కనున్న గీతకి అంచు ఆనాలి. ఎడమ కింది మూలనీ అలాగే. మిగతా రెండు మూలల్నీ ముట్టుకోవద్దు. తలుపులు మూయండి.

ఈ) పైన ఎడమ మూలని కిందికి దించి కుడి అంచుకి చేర్చండి, కుడి తలుపు కిందికి దూర్చండి. కింద కుడి మూలని పైకి తెచ్చి ఎడమ అంచుకి చేర్చి, ఎడమ తలుపు కిందికి దూర్చండి. పక్కకి ఒరిగిన సమాంతర చతుర్భుజం వస్తుంది.

ఉ) వెనక్కి తిప్పి, రెండు కొనల్నీ మడిస్తే చతురస్రం అవుతుంది. కొనల్ని సగం తెరిచి ఉంచండి. ముక్క తయారు.

కలిపేటప్పుడు కొన పక్కముక్క తలుపు కింది జేబులోకి పోవాలి. మూడు ముక్కలతో ఒక మూల కట్టి, అక్కణ్నుంచి చుట్టూ కట్టుకురండి. చివరి కొన దూరేదాకా క్యూబ్ వదులుగానే ఉంటుంది. అది మామూలే, గట్టిగా నొక్కొద్దు.

ఇక్కడ తొంభై శాతం గొడవ ఒక్కచోటే వస్తుంది. ఒకరు కుడి పై మూల బదులు ఎడమ పై మూల మడుస్తారు. ఆ ముక్క అద్దంలో చూసినట్టు తిరగబడి తయారవుతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, కానీ మిగతావాటితో కలవదు. అందుకే నేర్పే మనిషి ఎదురుగా కూర్చోకూడదు. ఎదుటివాళ్లకి కుడి ఎడమలు తారుమారవుతాయి. పక్కన కూర్చుని, మీ ముక్కని వాళ్ల ముక్క పెట్టినట్టే పెట్టి చూపించండి. కలిపే ముందు ఆరు ముక్కల్నీ ఒకే వైపు తిప్పి వరసగా పేర్చండి. ఒకటి ఎదురు దిక్కుకి వాలి కనపడితే అదే తప్పుముక్క. దాన్ని పూర్తిగా విప్పి రెండో జత మూలలతో మళ్లీ మడిస్తే సరిపోతుంది, పారేయక్కర్లేదు.

నేర్పే మనిషి చేతిలో 21 సెంటీమీటర్ల కాగితం ఉండాలి, నేర్చుకునేవాళ్ల ముక్క మీద బల్ల చివర నుంచి గీతలు కనపడవు. ఒకరు నలుగురైదుగురికి నేర్పగలరు, అంతకు మించితే బల్ల రెండుగా చేయండి. వాళ్ల కాగితం తీసుకుని మీరే మడిచి ఇవ్వొద్దు. మీ కాగితం మీదే మళ్లీ చూపించండి.

క్యూబ్ త్వరగా అయిపోతే 12 ముక్కల నక్షత్రం, తర్వాత 30 ముక్కల బంతి. వాటికి చతురస్రం మీద కర్ణం వెంట ఇంకో మడత అదనంగా కావాలి. 30 ముక్కలకి ఐదు ఎ4 కాగితాలు చాలు. చివరి అరగంట మడతలు ఆపేసి, వచ్చినవాళ్లు తెచ్చుకున్న బొమ్మలు చూడండి. అసలైన మాటలు అప్పుడే మొదలవుతాయి.

8. పిల్లలు, ఫొటోలు, పీడీఎఫ్‌లు

ఎనిమిదేళ్లలోపు పిల్లలకి సోనోబే కష్టం. వాళ్లకి ఎగిరే కప్ప, కాగితం గ్లాసు లాంటివి విడిగా పెట్టండి. పిల్లల ముఖాలున్న ఫొటోలు తల్లిదండ్రులు సరేనంటేనే పెట్టాలి. చేతులూ బొమ్మలూ మాత్రమే పడేలా తీస్తే ఏ పేచీ ఉండదు.

గ్రూపు మొదలైన వారంలోపు ఎవరో ఒకరు స్కాన్ చేసిన ఒరిగామి పుస్తకాల పీడీఎఫ్‌లు కుప్పగా పోస్తారు. వెంటనే తీసేయించండి. కొత్త బొమ్మల డయాగ్రమ్స్ డిజైనర్ల సొంత ఆస్తి, చాలామందికి అదే బతుకుతెరువు. డిజైనరే ఉచితంగా పెట్టినవాటి లింకులు పంచుకోండి. పుస్తకాలైతే తలొకటి కొని కూడికలో అక్కడే చూసుకోండి. అప్పిస్తే ఎవరు తీసుకెళ్లారో రాసిపెట్టుకోండి. సంప్రదాయ బొమ్మలకి ఈ ఇబ్బంది లేదు.

9. రెండోసారి, మూడోసారి

మొదటి కూడిక లేచేలోపే రెండోదాని తేదీ చెప్పేయండి. 'నెలలో రెండో ఆదివారం' అని ఒకసారి స్థిరపడితే ఓటింగులు పెట్టే పని తప్పుతుంది. వచ్చేది ఇద్దరైనా ఆ రోజు మానొద్దు. ఒక్కసారి వచ్చి తాళం చూసి వెళ్లిన మనిషి మళ్లీ రాడు. అందుకే గది తాళంచెవి, కాగితాల డబ్బా ఇద్దరి బాధ్యతలో ఉండాలి.

పండగలా చేయాలనుంటే అక్టోబర్ 24 నుంచి నవంబర్ 11 దాకా ప్రపంచ ఒరిగామి రోజులు. మొదటిది లిలియన్ ఓపెన్‌హైమర్ పుట్టినరోజు, చివరిది జపాన్‌లో ఒరిగామి రోజు. స్కూళ్లతో కలిసి చేయడానికి ఆగస్టు 6, హిరోషిమా రోజు బాగుంటుంది. శాంతికి గుర్తుగా ఆ రోజు కోసం మడిచే వెయ్యి కొంగలు పెట్టుకుంటే నలభైమంది తలా పాతిక చేయాలి. జూన్‌లోనే కాగితాలు పంచండి.

తరచూ జరిగే పొరపాట్లు

*గ్రూపులో రెండొందలమంది, బల్ల దగ్గర ఇద్దరు.* గ్రూపు ముందు పుట్టి, కూడిక తర్వాత పుడితే ఇంతే. వచ్చినవాళ్లనే గ్రూపులో చేర్చండి. గుడ్‌మార్నింగ్ మెసేజ్‌లు వద్దని మొదటి రోజే చెప్పండి.

*వచ్చినవాళ్లు రెండోసారి రాలేదు.* చాలాసార్లు బొమ్మ కష్టమై, పూర్తి కాకుండానే వెళ్లి ఉంటారు. ప్రతి కూడికలో ఇరవై నిమిషాల్లో అయ్యే బొమ్మ ఒకటి ఉండాలి, ఖాళీ చేతులతో ఎవరూ వెళ్లకూడదు.

*బాగా వచ్చినవాళ్లు మానేశారు.* వాళ్లకి నేర్పే పని తప్ప ఏమీ మిగల్లేదన్నమాట. నెల విడిచి నెల ఒక కష్టమైన బొమ్మ పెట్టండి, లేదా ఒక బల్ల వాళ్లకే వదిలేయండి.

*ఎవరో ఫీజు పెట్టి క్లాసుగా మార్చారు.* క్లాసు తప్పు కాదు, కానీ అది వేరే రోజు, వేరే పేరుతో జరగాలి. కూడికలో కాగితం ఖర్చు తప్ప డబ్బు మాట రాకూడదు.

సరిగ్గా నడుస్తోందో లేదో చూసుకోవడం

నాలుగో కూడిక అయ్యాక ఇవి చూడండి. మీరు కాకుండా ఇంకెవరైనా ఒక బొమ్మ నేర్పారా? మీరు పిలవని మనిషి, వేరేవాళ్లు చెబితే వచ్చారా? మీరు ఊళ్లో లేని నెలలో కూడిక జరిగిందా? మూడింటికీ అవునంటే ఇక చోటు పెద్దది వెతుక్కోవచ్చు. మూడోదానికి కాదంటే, డబ్బా, తాళంచెవి వచ్చే నెల ఇంకొకరి చేతికిచ్చి మీరు నేర్చుకునేవాళ్ల వైపు కూర్చోండి.